పరిశీలనలతో సమ్మతి

ఆ మాట మీద ఎర్రగీత కొట్టిన తీరు చూసేసరికే ఆమెకు ఒళ్లు మండింది. తప్పు దిద్దేవాళ్లు కొట్టే గీత కాదది. అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు ఇంకోసారి, కాగితం వెనక్కి దిగబడేలా కొట్టారు. "తెలిసి, నేరస్తుడికి ఆశ్రయమిచ్చిన వ్యక్తి" అని ఉన్నచోట ఇప్పుడు ", నేరస్తుడికి ఆశ్రయమిచ్చిన వ్యక్తి" అనే ఉంది. పోయింది ఒక్క మాట, మూడక్షరాలు. ఆ తొందరలో మాటను కొట్టేసి దాని పక్కనున్న కామాను మర్చిపోయారు. వాక్యం మొదట్లో అది దిక్కులేకుండా వేలాడుతోంది.

నేరచట్టాల మీద ప్రభుత్వానికి సలహాలివ్వడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎక్కడో ఒక ఘోరం జరుగుతుంది, ఎవరో ఏడుస్తారు, ఎవరో మైకు పట్టుకుని ప్రతిజ్ఞ చేస్తారు. ఆ ప్రతిజ్ఞను కోర్టులో నిలబడే వాక్యంగా మార్చే తద్దినం నాలుగో అంతస్తులో ఆమె గదికి వస్తుంది. ఆ గదికి కిటికీ ఉంది కానీ తెరిస్తే లిఫ్టు గోడ కనిపిస్తుంది. కామా తప్పిపోతే కాగితం వెనక్కి పంపేస్తుందని ఆఫీసంతా ఆమెను చాటుగా కామమ్మ అంటారు. మొదట్లో చురుక్కుమనేది, పోనుపోను గొప్పగానే అనిపించేది. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతుందని గొణిగినవాళ్లే, కోర్టులో చీవాట్లు పడే పరిస్థితి వస్తే ఆమె గుమ్మం ముందు నిలబడేవారు.

ఈసారి ఘోరం ఇద్దరిని చంపి పారిపోయినవాడిది. పదకొండు రోజులు పోలీసుల కళ్లు గప్పి తిరిగి, చివరికి మేనత్త ఇంట్లో దొరికాడు. ఆ మేనత్తకు ఎనభై దాటాయి. చెవులు వినపడవు, టీవీ లేదు. మేనల్లుడు ఇన్నేళ్లకు తనను చూడ్డానికి వచ్చాడని మురిసిపోయి, మంచం వాడికిచ్చి తను కింద పడుకుంది. టీవీల వాళ్లు ఆ మంచాన్ని రెండు రోజులు చూపించారు. మూడో రోజు మంత్రిగారు మైకుల ముందుకొచ్చి, నేరస్తుడికి నీడనిచ్చిన ప్రతివాడూ ఏడేళ్లు లోపలుండాల్సిందేనని చెప్పి, జేబురుమాలుతో కళ్లు తుడుచుకున్నారు. కళ్లు పొడిగానే ఉన్నాయని నాలుగో అంతస్తు టీవీలో కూడా కనిపించింది.

ఇప్పుడున్న చట్టంలో ఆ మేనత్తకు ఏమీ కాదు. "తెలిసి" అన్న మాట ఆమెను కాపాడుతుంది. మంత్రిగారికి ఆ మాటే అడ్డమొచ్చింది.

ఆమె ఆ కాగితం పట్టుకుని కార్యదర్శి గదికి వెళ్లింది. కార్యదర్శి ఒకప్పుడు ఆమె కింద ఆరేళ్లు పని నేర్చుకున్నవాడే. సెక్షను ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అతనికి ఆమే దగ్గర కూర్చుని చెప్పింది. తర్వాత అతను ఆమెను దాటి రెండు మెట్లు పైకెక్కాడు. అయినా ఇప్పటికీ ఆమె వస్తే లేచి నిలబడతాడు. ఆ మర్యాదకు లోటు లేదు. గదిలో మాత్రం నిమ్మకాయ వాసనొచ్చే సెంటు కొడుతుంటాడు, లోపలికి వెళ్లిన ప్రతిసారీ అది ఆమె బట్టలకు అంటుకుని వస్తుంది.

ఈ మాట తీసేస్తే ఏమవుతుందో ఆమె ఓపిగ్గా చెప్పింది. గదులు అద్దెకిచ్చేవాళ్లు, లారీ ఆపి ఎక్కించుకునేవాళ్లు, అన్నం పెట్టిన అక్కలు, తలుపు తీసిన తల్లులు, అందరూ ఆ వాక్యంలోకి వచ్చి పడతారని చెప్పింది. అతను నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు. విని, సొరుగులోంచి బిల్లుతో పాటు వెళ్లే వివరణ పత్రం తీసి ఆమె ముందు పెట్టాడు.

"మేడమ్, ఇది మేం గాల్లోంచి తెచ్చింది కాదు. మీ నివేదికలో ఉన్నదే."

ఆమె చదివింది. "ఆశ్రయమిచ్చిన కేసుల్లో పదింట ఏడు కోర్టులో వీగిపోతున్నాయి." చివర చుక్క. కింద ఆమె నివేదిక పేరు, పేజీ నంబరు. ఇన్ని కేసులు వీగిపోవడానికి కారణం "తెలిసి" అన్న లొసుగేనని ఆ తర్వాత వాళ్ల వాక్యం.

ఐదేళ్ల కిందట ఆమె జైళ్లు తిరిగి, అరవైమూడు మంది ఆడవాళ్లతో మాట్లాడి రాసిన నివేదిక అది. ఆమె రాసిన వాక్యం అక్కడ ఆగదు. "ఆశ్రయమిచ్చిన కేసుల్లో పదింట ఏడు కోర్టులో వీగిపోతున్నాయి, ఎందుకంటే ఆ ఏడుగురికీ నిజంగానే ఏమీ తెలియదు." అదీ వాక్యం. వీళ్లు కామా దగ్గర కోసి చుక్క పెట్టారు. జీవితమంతా కామాల కోసం కొట్లాడిన మనిషిని కామా దగ్గరే కొట్టారు.

మిగతా సగం ఏదని అడిగింది.

"చోటు సరిపోలేదు మేడమ్. అయినా ఏడు వీగిపోతున్నాయన్నది నిజమే కదా," అన్నాడు.

అన్నవాడి మొహంలో సిగ్గు కోసం వెతికింది. చీమ కుట్టినట్టయినా లేదు. పైగా చల్లారిపోతోందని ఆమె వైపు టీ కప్పు జరిపాడు. టీ మీద మీగడ కట్టి ఉంది. దాన్ని చూసి ఆమె లేచి వచ్చేసింది.

ఆ అరవైమూడు మందిలో ఒకామె ఇప్పుడు ఆఫీసు వెనక సందులో బట్టలు సరిచేస్తుంది. పొడుగైనవి పొట్టి చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, ఊడిన జిప్పులు మారుస్తుంది. సందులో అందరికీ ఆమె సూదక్క. ముందు కుట్టుమిషను పట్టేంత చోటు, వెనక ఒక గది, మధ్యలో గడియ ఉన్న ఒకే ఒక్క తలుపు. ఆరేళ్ల కిందట ఆ తలుపు తీసే ఆమె జైలుకు వెళ్లింది. తమ్ముడు వచ్చి ఆకలేస్తోందన్నాడు. అన్నం పెట్టింది. రెండు రోజులు పడుకున్నాడు, మూడో రోజు పోలీసులు వచ్చారు. ఒక దుకాణదారుణ్ని పొడిచి పారిపోయి వచ్చాడని అప్పుడు తెలిసింది. తీర్పు వచ్చేదాకా పదకొండు నెలలు సూదక్క జైల్లోనే ఉంది. "తెలిసి" అన్న మాట చదివి జడ్జిగారు వదిలేశారు. తమ్ముడికి ఆరేళ్లు పడ్డాయి.

సలహాదారు తన నల్లకోటు లోపలి గుడ్డ చిరిగితే ఆ వారమే సూదక్కకు ఇచ్చింది. తీసుకోవడానికి వెళ్తే కోటు సిద్ధంగానే ఉంది, సూదక్క మాత్రం చేతికి ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టీవీలో విన్నానంది. ఏదో మాట తీసేస్తున్నారటగా అంది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"మా తమ్ముడు వచ్చే నెల పదో తారీఖున బయటికొస్తున్నాడమ్మా. వాడికి నేను తప్ప ఎవరూ లేరు. బుద్ధిగా ఉంటే సరే. ఉండకపోతే? ఏమన్నా చేసొస్తే నాకు చెప్పి చేస్తాడా? మీరు చట్టాలు రాసేవాళ్లు కదా, అందుకని అడుగుతున్నా. వాడొస్తే తలుపు తియ్యొచ్చా?"

ఇరవై రెండేళ్లలో ఎన్ని కమిటీలు ఎన్ని ప్రశ్నలడిగాయో ఆమెకు లెక్కలేదు. ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ మాట పోనివ్వనని, నేనున్నాను కదా అని చెప్పింది. సూదక్క కోటు మడతపెట్టి ఇచ్చింది. దేన్నో ఒప్పుకుని తెచ్చుకున్నట్టు ఆమె ఆ కోటును చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

మూడు రోజులు కూర్చుని ఎనిమిది పేజీలు రాసింది. ఏడుగురి కథలు పేర్లు లేకుండా పెట్టింది. కోసేసిన వాక్యాన్ని పూర్తిగా రాసి, కోసిన చోట గీత పెట్టి చూపించింది. ఇలా కోయడం మోసమని రాయబోయి, "అసంపూర్ణ ఉల్లేఖన" అని రాసింది. ఆ మాట తీసేయడం దుర్మార్గమని రాయబోయి, "పునరాలోచన అవసరం" అని రాసింది. పైన "పరిశీలనలు" అని శీర్షిక పెట్టి, గడువుకు ఒక రోజు ముందే పంపింది. ఎవరూ వంక పెట్టలేని ఎనిమిది పేజీలవి. ఆమెకు చాలా తృప్తిగా అనిపించింది, ఆ తృప్తిని తర్వాత తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున టిఫిను తింటూ ఆ సంగతంతా భర్తకు చెప్పింది. ఆయన బడిలో లెక్కల మాష్టారు. పరీక్ష పేపర్లు దిద్దుతూనే తినే అలవాటు, అందుకే ప్రతి జవాబు పత్రం మీదా ఒక నూనె మరక ఉంటుందని పిల్లలు చెప్పుకుంటారు. ఆయన అంతా విని తలెత్తకుండానే అడిగాడు.

"ఇంతకీ ఒప్పుకోనని రాశావా?"

అంతా అదే కదా రాశానంది.

"అంతా అదే సరే. ఒప్పుకోను అన్న మాట ఎక్కడుంది?"

మా దగ్గర అలా రాయరని ఆమె కాస్త విసుగ్గానే అంది. ఇంత చదువుకున్న మనిషికి ప్రభుత్వం నడిచే తీరు అర్థం కాదెందుకని జాలి కూడా పడింది. ఆయన సరేనన్నట్టు భుజాలెగరేసి, ఎవరో పిల్లవాడి జవాబుకు సున్నా చుట్టాడు. దారి అంతా బాగానే వేసి జవాబు రాయడం మర్చిపోయాడని, తన మానాన తను గొణుక్కున్నాడు.

సాయంత్రం అయిదుకు గడువు ముగిసింది. ఆ మర్నాడు ఉదయానికి ఫైలు మంత్రివర్గానికి వెళ్లిపోయింది. ఆ సంగతి ఆమెకు లిఫ్టులో తెలిసింది. కింది గది టైపిస్టు అభినందనలు చెప్పింది. ఎందుకని అడిగితే, ఫైలు మీద అందరికంటే ముందు మీ సమ్మతే ఉంది కదా అంది.

ఆమె మెట్లెక్కి కార్యదర్శి గదికి వెళ్లింది. ఫైలు నకలు అడిగి చూసింది. మొదటి పేజీలో ఒక గడి, అందులో చక్కటి అక్షరాలతో: "నేరచట్టాల సలహాదారు: పరిశీలనలతో సమ్మతి."

ఆ ఆఫీసులో ఫైలుకు మూడే మూడు జవాబులు. సమ్మతి, పరిశీలనలతో సమ్మతి, అభ్యంతరం. మొదటి రెండింటికీ ఫైలు ఆగదు. పరిశీలనలు ఎన్ని పేజీలున్నా వెనకాల పిన్ను కొట్టి పైకి పంపేస్తారు, పైనెవరూ పిన్ను విప్పరు. అభ్యంతరం అని ఉంటే మాత్రం ఫైలు అక్కడే ఆగిపోవాలి. దాన్ని విని, జవాబు రాసి, నెలకు తక్కువ కాకుండా చర్చించాలి. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఆ నియమాల ముసాయిదా కూడా ఒకప్పుడు ఆమె దిద్దిందే. కానీ ఇరవై రెండేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆ మూడో మాట రాయలేదు. అవసరం పడలేదు. పరిశీలన పేరుతో మెత్తగా చెబితే పైవాళ్లు వినేవారు, విన్నారని ఆమె అనుకునేది.

"నా ఎనిమిది పేజీలు చదివావా?"

"చదివాను మేడమ్. చాలా బాగా రాశారు."

"చదివాక కూడా నేను ఒప్పుకున్నానని రాశావా?"

కార్యదర్శి లేచి నిలబడే ఉన్నాడు. అతని గొంతులో ఎగతాళి లేదు, అదే ఆమెను ఎక్కువ బాధించింది.

"పైన పరిశీలనలు అని ఉంది మేడమ్. అభ్యంతరం అన్న మాట పైవాళ్లకు గుచ్చుకుంటుంది, పరిశీలన అంటే మింగుతారు అని మీరే కదా నాకు నేర్పింది."

నిజమే, ఆమే నేర్పింది. ఈ గదిలోనే, అప్పట్లో ఈ సెంటు వాసన లేనప్పుడు, పక్కన కుర్చీ వేయించుకుని నేర్పింది. ఇతను పాఠం తప్పలేదు, అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఇతను కావాలని చేశాడా, అలవాటుగా చేశాడా అన్నది ఆమెకు అంతు చిక్కలేదు. రెండింటిలో ఏది ఎక్కువ అసహ్యమో కూడా తేల్చుకోలేకపోయింది.

అతని బల్ల మీదున్న తెల్లకాగితం లాక్కుని, నిలబడే ఒక్క ముక్క రాసింది: "అభ్యంతరం. తెలిసి అన్న మాట తీసేయడానికి నేను ఒప్పుకోను." సంతకం పెట్టి ఇచ్చింది. అతను రెండు చేతులతో అందుకుని, గడియారం వైపు చూసి, నిన్న అయిదుకే గడువైపోయింది కదా అని నొచ్చుకున్నాడు. అయినా మీ మాట పోనివ్వనని చెప్పి, ఎనిమిది పేజీల వెనక తొమ్మిదోదిగా దానికి పిన్ను కొట్టాడు.

ఆ తర్వాత ఆమె చేయగలిగినవన్నీ చేసింది. తెలిసిన విలేకరికి ఫోన్ చేసి తన పూర్తి వాక్యం చదివి వినిపించింది. అతను ఓపిగ్గా విని, మేనత్త ఏడుస్తున్న ఫోటో ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు. ప్రతిపక్షంలో పెద్దమనిషిగా పేరున్న ఒకాయన్ని వెళ్లి కలిసింది. ఆయన అంతా విని, మీరన్నది అక్షరాలా నిజమమ్మా అన్నాడు, కానీ హంతకులకు నీడనిచ్చేవాళ్ల వైపు మాట్లాడాడన్న పేరు తనకెందుకన్నాడు. బిల్లుకు ఆయన కూడా చెయ్యెత్తాడు.

సభలో మంత్రిగారు మాట్లాడింది ఆమె క్యాంటీన్ టీవీలో చూసింది. పక్క బల్లల వాళ్లంతా తినడం ఆపి ఆమె వైపు తిరిగారు.

"ఇది నా మాట కాదు," అంటున్నారు మంత్రిగారు. "ఇరవై రెండేళ్ల అనుభవమున్న మా సలహాదారే తేల్చి చెప్పారు. పదిమందిలో ఏడుగురు తప్పించుకుంటున్నారు."

సభలో బల్లలు చరిచారు. క్యాంటీన్లో కూడా ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు, పాపం, గౌరవంగానే కొట్టారు. వడ్డించే ఆమె వచ్చి, ఇవాళ మీకు ప్రత్యేకమంటూ పళ్లెంలో ఇంకో బిస్కెట్ పెట్టింది. నోట్లో ఉన్న ముద్ద మింగుడు పడక ఆమె రుమాల్లోకి ఊసేసింది. వెళ్లి మొహం కడుక్కుంది. తుడుచుకుని మళ్లీ కడుక్కుంది. ఆ పూటంతా చేతులకు నిమ్మకాయ వాసన వస్తున్నట్టే ఉంది.

వారానికి అచ్చయిన చట్టం బల్ల మీదికి వచ్చింది. ఆ సెక్షను మొదట్లో కామా అలాగే ఉంది. తీసేయాలని ఎవరికీ తోచలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం ఆమె సందులోకి వెళ్లింది. ఈసారి చేతిలో బాగుచేయించాల్సిన బట్ట ఏదీ లేదు. సూదక్క ఒక ప్యాంటు అంచు విప్పుతోంది. ఆమెను చూసి మిషను పక్కనున్న స్టూలు మీది గుడ్డపీలికలు తీసేసి కూర్చోమంది. ఎల్లుండే పదో తారీఖు.

సలహా ఇవ్వాల్సిన మనిషిలా కాకుండా, తప్పు చేసి వచ్చిన మనిషిలా ఆమె జరిగినదంతా చెప్పింది. వాక్యం సగం కోసిన సంగతి చెప్పింది. ఎనిమిది పేజీల సంగతి చెప్పింది. పైన రాయాల్సిన మాట రాయలేదని, రాసి ఉంటే ఫైలు ఆగేదని, కనీసం నెల ఆగేదని, భర్త చెప్పినా వినలేదని కూడా చెప్పింది. సూదక్క దారం లాగుతూనే వింది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"అయితే తియ్యకూడదంటారు."

నీళ్లు నమలడానికి ఆమె దగ్గర మాటలు చాలానే ఉన్నాయి. సందర్భాన్ని బట్టి ఉంటుందనొచ్చు, కోర్టులు చూసుకుంటాయనొచ్చు, లాయర్ని అడగమనొచ్చు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"తియ్యొద్దు," అంది.

సూదక్క ప్యాంటు పక్కన పెట్టింది. ఆ గడియ తలుపు వైపు కాసేపు చూసింది. తర్వాత లేచి, బట్టల కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో పాటు ఆమె చేతికిచ్చింది.

"ఆ మాట నా నోటితో వాడికి చెప్పలేనమ్మా. మీరు రాసివ్వండి. తలుపుకు అంటిస్తాను. వాడికి చదవడం వచ్చు."

ఆమె కాగితాన్ని మిషను బల్ల మీద పెట్టుకుని రాసింది. "నిన్ను లోపలికి రానివ్వొద్దని మీ అక్కకు చెప్పింది నేను. తప్పు ఆమెది కాదు." రాసి చదువుకుంది. మార్చాల్సింది ఏమీ కనిపించలేదు. కాగితం ఇచ్చేసి లేవబోయింది.

సూదక్క కూడబలుక్కుంటూ చదివి, కాగితం మళ్లీ ఆమె ముందే పెట్టింది.

"కింద మీ పేరు కూడా రాయండి. వాడు తిట్టుకుంటే ఎవర్ని తిట్టుకోవాలో తెలియాలిగా."

ఆమె పేరు రాసింది. దాని కింద హోదా కూడా రాసింది.